బేరమాడి వచ్చేయడంలో పైరేట్స్ ప్రావీణ్యం

2025 సీజన్లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే అమెరికా బేస్‌బాల్ జట్టంతా కలిసి 117 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టింది. 30 జట్లలో అట్టడుగు. అదే పెన్సిల్వేనియా రాష్ట్రంలో అవతలి కొసన, ఫిలడెల్ఫియాలో, కైల్ ష్వార్బర్ అనే గడ్డపాయన ఒక్కడే 56 కొట్టాడు. ఇప్పుడు 2025 నవంబరు. ష్వార్బర్ కాంట్రాక్టు అయిపోయింది, ఎవరు పిలిస్తే వాళ్లతో వెళ్లొచ్చు. కాబట్టి ఆయన్ని మనమే తెచ్చుకోవాలని పిట్స్‌బర్గ్‌లో చాలామంది ఉబలాటపడుతున్నారు. పైరేట్స్ యాజమాన్యం తరఫున, వాళ్లు అడక్కపోయినా, ఆ తొందరపాటు మనుషులకు నాలుగు మంచి మాటలు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడ్డ పాఠకుల కోసం ముందో మాట. ఇక్కడ సుత్తి కొట్టేవాళ్లుండరు. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పైదైన మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండి, కాంట్రాక్టు తీరిపోయిన ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవుతాడు, తన బేరం తను చూసుకుంటాడు. 1975 డిసెంబరులో పీటర్ సీట్జ్ అనే మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో తెరుచుకున్న దారి ఇది. అంతకుముందు ఆటగాడు ఆ జట్టుకు పాలేరు కింద లెక్క. జీతాల ఖర్చుకు పైన హద్దు లేదు, ఒక గీత దాటితే పన్ను కట్టాలి, అంతే. కింద కూడా హద్దు లేదు. మొదటి సౌకర్యాన్ని లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వాడుకుంటోంది, రెండోదాన్ని పిట్స్‌బర్గ్ వాడుకుంటోంది. రెండూ నిబంధనల్లో ఉన్నవే. డాడ్జర్స్ వరసగా రెండేళ్లు ప్రపంచ టైటిల్ గెలిచింది కదా అని వాళ్లనొక్కరినే పొగడడం పక్షపాతం.

పైగా పైరేట్స్‌ను పిసినారులనడం వట్టి నింద. పోయిన చలికాలం టామీ ఫామ్ అనే సీనియర్‌కు ఒక్క ఏడాదికి 40 లక్షల డాలర్లు ఇచ్చారు. ఐపీఎల్ చరిత్రలోనే అత్యధిక ధరకు, 27 కోట్ల రూపాయలకు, లక్నో కొన్న రిషభ్ పంత్ డాలర్లలో దాదాపు 32 లక్షలు. లెక్కప్రకారం పైరేట్స్ పంత్‌ను కొని చిల్లర వెనక్కి తీసుకోగలిగే స్థితిలో ఉన్నారు. ఫామ్ 10 హోమ్ రన్లు కొట్టాడు. పంత్ అయితే ఎన్ని కొట్టేవాడో అన్నది ఇక్కడ అప్రస్తుతం.

సరే, ఈ శీతాకాలం అంగట్లో ఏమున్నాయో చూద్దాం. ష్వార్బర్ గురించి చెప్పుకున్నాం. కైల్ టక్కర్ ఉన్నాడు, వయసు 28, అన్నీ వచ్చు. ఆ 'అన్నీ వచ్చు' అన్న మాటే బడ్జెట్‌కు పడదు. న్యూయార్క్ మెట్స్ నుంచి బయటికొచ్చిన పీట్ అలాన్సో ఈ ఏడాది 38 కొట్టాడు. జపాన్ నుంచి మునెతాకా మురకామి వస్తున్నాడు, 2022లో అక్కడ 56 కొట్టిన కుర్రాడు. వీళ్లెవరి గురించి అడిగినా పైరేట్స్ ఆఫీసు నుంచి రావలసిన జవాబు నేను ముందే చెప్పగలను: 'మేమూ మాట్లాడాం.' ఈ 'మేమూ మాట్లాడాం' అన్నది పిట్స్‌బర్గ్ బేస్‌బాల్‌లో ఒక పూర్తి స్థాయి కార్యక్రమం. మాట్లాడడం అయ్యాక ఇంకా ఏదో జరగాలని ఆశించడం అభిమానుల అత్యాశ.

మిగిలింది ఆండ్రూ మెకచన్ గారు. 2013లో మేజర్ లీగ్‌లో సగభాగమైన నేషనల్ లీగ్‌కు అత్యుత్తమ ఆటగాడు, ఊరి ముద్దుబిడ్డ, అక్టోబరులో 39 నిండాయి. 2023లో తిరిగొచ్చినప్పటి నుంచి ఏటా 50 లక్షల డాలర్లకే సంతకం పెడుతున్నారు. ఆయన జెర్సీలు అమ్ముడవుతాయి, బొమ్మలు పంచితే జనం వరస కడతారు. యాజమాన్యం దృష్టిలో ఆదర్శ ఫ్రీ ఏజెంట్ ఇలా ఉండాలి: కొత్తగా తెచ్చినట్టూ ఉండాలి, కొత్తగా ఖర్చు పెట్టినట్టూ ఉండకూడదు.

కొనడం వల్ల వచ్చే అనర్థాలు ఈ జట్టుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. 2000 డిసెంబరులో డెరెక్ బెల్‌కు రెండేళ్లకు 97.5 లక్షల డాలర్లు రాసిచ్చారు. మొదటి ఏడాది సగటు .173, అంటే వందసార్లు బ్యాటు ఆడిస్తే హిట్టు పడింది పదిహేడుసార్లు. మరుసటి ఏడాది శిక్షణ శిబిరంలో నీ స్థానానికి పోటీ ఉందయ్యా అంటే, అలాగైతే నేను 'ఆపరేషన్ షట్‌డౌన్' మొదలుపెడతానని విలేకరుల ముందే ప్రకటించాడు. జట్టు అతణ్ణి సాగనంపింది, మిగిలిన 45 లక్షలూ చేతిలో పెట్టి మరీ. ఇంత దెబ్బ తిన్నాక జాగ్రత్త పడరా? 2016 డిసెంబరు తర్వాత ఈ 2025 నవంబరు వరకూ పైరేట్స్ ఏ ఫ్రీ ఏజెంటుకూ ఒక ఏడాదికి మించి కాంట్రాక్టు రాసివ్వలేదు.

వదిలేయడం వల్ల కూడా అనర్థాలుంటాయని గిట్టనివాళ్లు అంటారు. వాళ్లు ఎత్తిచూపేది 1992 అక్టోబరు 14. అట్లాంటాలో నేషనల్ లీగ్ ఫైనల్ ఏడో ఆట, చివరి ఇన్నింగ్స్, పైరేట్స్ ఒక్క పరుగు ముందున్నారు, ఒక్క వికెట్ పడితే చాలు (క్రికెట్ మాటే వాడాను, క్షమించాలి, ఆ రాత్రిని తలుచుకుంటే ఏ ఆట మాట ఏదో తెలియదు). అట్లాంటా బెంచీ మీద నుంచి లేచొచ్చిన ఫ్రాన్సిస్కో కబ్రెరా ఎడమవైపుకు కొట్టాడు. సమం చేసే పరుగు వచ్చేసింది. రెండో బేస్ నుంచి పరుగెత్తుతున్నది సిడ్ బ్రీమ్, మోకాలికి ఎన్ని ఆపరేషన్లయ్యాయో ఆ మోకాలికే తెలియాలి. లెఫ్ట్ ఫీల్డ్ నుంచి బ్యారీ బాండ్స్ విసిరిన బంతి కాస్త పక్కకు పడింది, బ్రీమ్ జారుకుంటూ వచ్చి ప్లేటు తాకాడు, గెలుపు పరుగు అట్లాంటాదైపోయింది. ఈ బ్రీమ్ రెండేళ్ల ముందు దాకా పైరేట్స్ ఆటగాడే. ఫ్రీ ఏజెంట్ అయ్యాక అట్లాంటా తీసుకుపోయింది. బంతి విసిరిన బాండ్స్ రెండు నెలలు తిరక్కుండా ఫ్రీ ఏజెంటుగా 4.375 కోట్ల డాలర్లకు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిపోయాడు. ఆ తర్వాత పైరేట్స్ వరసగా 20 సీజన్లు గెలుపుల కన్నా ఓటములు ఎక్కువగా ముగించింది. అమెరికా వృత్తి క్రీడల్లో అంత నిలకడ ఇంకే జట్టూ చూపలేదు.

ఇక పాల్ స్కీన్స్, పైరేట్స్ పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. వయసు 23. తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున రెండు పరుగులు కూడా ఇవ్వకుండా (1.97) ఈ నెలలోనే ఏకగ్రీవంగా సై యంగ్ అవార్డు (ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చేది) గెలిచాడు. పిట్స్‌బర్గ్ శివార్లలోని పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి ఈ దేశంలోని పాత గుళ్లలో ఒకటి. మొన్న దర్శనమయ్యాక కింది క్యాంటీన్లో పులిహోర పళ్లెంతో కూర్చుంటే, గుంటూరు నుంచి కొడుకు దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన తగిలారు. మంకీ టోపీ, స్వెట్టరు, దాని మీద కొడుకు తొడిగించిన స్కీన్స్ 30 నంబరు జెర్సీ.

"ఏమయ్యా, ఈ ముప్పై నంబరు కుర్రాడు అంత గొప్పవాడా?"

"గొప్పవాడేనండీ. లీగులో ఇతన్ని మించిన పిచ్చర్ లేడు."

"ఈ ఏడు ఎన్ని గెలిచాడు?"

"పది అండీ."

"ఓడింది?"

"పదే."

పెద్దాయన పులిహోరలోంచి వేరుశనగ గింజ ఏరి నోట్లో వేసుకుని ఆలోచించారు. "అంటే తక్కిన ఎనిమిది మందీ ఏం చేస్తున్నట్టు?"

వాళ్లనే కొనాలండీ అన్నాను. డాడ్జర్స్ అయితే షోహెయ్ ఒహ్తానీని పదేళ్లకు 70 కోట్ల డాలర్లకు కొని, ఇప్పుడు ఏడాదికి 20 లక్షలే చేతికిస్తూ, మిగతా 68 కోట్లూ 2034 నుంచి పదేళ్ల పాటు వడ్డీ లేకుండా ఇస్తామని రాసుకున్నారని చెప్పాను. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఇందులో వింతేముంది బాబూ," అని వేలితో పైకప్పు వైపు చూపించారు, గర్భగుడి వైపు. "ఆయన చేసిందీ అదేగా."

అవును మరి. పద్మావతితో పెళ్లికి స్వామి కుబేరుడి దగ్గర అప్పు చేసి, కలియుగాంతం దాకా వడ్డీ కడతానని బ్రహ్మను, శివుణ్ణి సాక్షులుగా పెట్టి పత్రం రాశాడు. ఆ వడ్డీ కోసమే మనం హుండీ నింపుతున్నాం. ఒహ్తానీ ఒప్పందాన్ని ఏదో కొత్త ఆర్థిక మాయాజాలంలా అమెరికా పత్రికలు వివరిస్తుంటే తిరుపతి బస్సెక్కిన వాడెవడికైనా నవ్వొస్తుంది. తేడా ఒక్కటే: స్వామి అప్పు చేసైనా పెళ్లి చేసుకున్నాడు. పైరేట్స్ అప్పు చేయాల్సి వస్తుందేమోనని ఎప్పుడూ పెళ్లిచూపుల దగ్గరే ఆగిపోతున్నారు. జంతికలు తింటారు, పిల్ల బాగుందంటారు, ఇంటికెళ్లి కబురు చేస్తామంటారు. అదే 'మేమూ మాట్లాడాం.'

డబ్బు లేకనా అంటే అదీ కాదు. లీగులో జట్లన్నీ తమ స్థానిక ఆదాయంలో 48 శాతం ఒకచోట పోసి సమానంగా పంచుకుంటాయి, చిన్న ఊరి జట్లకు అందులో లాభమే. 2007 నుంచి జట్టు పగ్గాలు పట్టుకున్న బాబ్ నట్టింగ్ గారి కుటుంబానికి పత్రికల వ్యాపారం వేరే ఉంది. అభిమానులు స్టేడియంలో 'జట్టు అమ్మేయండి' అని అరుస్తున్నారు. వారు చలించడం లేదు. జట్టు అమ్మడమూ లేదు, ఆటగాణ్ణి కొనడమూ లేదు. స్థితప్రజ్ఞత అంటే ఇంతకన్నా ఏం కావాలి?

స్కీన్స్ మీద మాత్రం శ్రద్ధ లేదనకండి. 2024లో మే 11 దాకా అతణ్ణి మేజర్ లీగుకు పిలవలేదు. అలా కాస్త ఆలస్యం చేస్తే ఆ ఏడాది సర్వీసు నిండదు, కుర్రాడు ఇంకో ఏడాది చవగ్గా చేతిలో ఉంటాడన్నది అన్ని జట్లకూ తెలిసిన లెక్కే. కుర్రాడు కృతజ్ఞత లేకుండా రూకీ ఆఫ్ ది ఇయర్ (ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు) గెలిచాడు, నిబంధన ప్రకారం పూర్తి ఏడాది జమైపోయింది. కనుక 2029 సీజన్ అవ్వగానే అతనూ ఫ్రీ ఏజెంటే. అప్పుడు పైరేట్స్ అతనితోనూ తప్పకుండా మాట్లాడతారు. ఇలాగే ఈ జట్టులో పెరిగి, ఫ్రీ ఏజెన్సీ రాకముందే హ్యూస్టన్‌కు పంపించిన గెరిట్ కోల్‌ను 2019లో న్యూయార్క్ యాంకీస్ 32.4 కోట్ల డాలర్లకు కొన్నారు.

విదేశీ చవక సరుకు మీద నమ్మకం ఉంటే దానికీ పూర్వాచారం ఉంది. 2008 నవంబరులో పైరేట్స్ ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లతో, రింకూ సింగ్ (క్రికెటర్ కాదు), దినేశ్ పటేల్‌తో, సంతకాలు పెట్టించారు. వాళ్లను వెలికితీసిన టీవీ పోటీకి రాకముందు ఇద్దరూ బేస్‌బాల్ ఆడి ఎరగరు. మేజర్ లీగ్ దాకా ఎవరూ రాలేదు, రింకూ తర్వాత కుస్తీ వినోదంలోకి వెళ్లాడు. ఈసారి నూజివీడు మామిడి తోటల వైపు చూడమని నా మనవి. రాయి విసిరితే తోట కాపలావాడికి తగలకుండా కాయ తొడిమకే తగిలించే పిల్లలున్నారక్కడ.

అదీ ఖర్చే అంటారా, అయితే నా దగ్గర ఇంకో పేరుంది. బాబీ బోనియా. పాత పైరేట్, 1990లో ఇక్కడ 32 హోమ్ రన్లు కొట్టాడు, మరుసటి ఏడాది ఆఖర్లో ఫ్రీ ఏజెంటై మెట్స్‌కు వెళ్లాడు. తర్వాత ఆ మెట్స్ వాళ్లే అతణ్ణి వదిలించుకుంటూ, ఇవ్వాల్సిన 59 లక్షల డాలర్లు అప్పుడే ఇవ్వకుండా, 8 శాతం వడ్డీతో వాయిదాలు రాశారు. 2011 నుంచి 2035 దాకా ప్రతి జూలై 1న 11,93,248 డాలర్ల 20 సెంట్లు. 2001లో చివరి ఆట ఆడిన మనిషికి, ఈ ఏడాది పైరేట్స్ స్కీన్స్‌కు ఇచ్చిన జీతం (8.75 లక్షలు) కన్నా అది ఎక్కువ. స్కీన్స్‌కు బోనస్ వేరే వస్తుంది, కానీ అది 30 జట్లూ చందా వేసిన నిధిలోంచి.

బోనియాకు 62 ఏళ్లు, ఏ జట్టుతోనూ కాంట్రాక్టు లేదు, ఊరు కొత్త కాదు. జీతం ఇంకా పదేళ్లు న్యూయార్క్ వాళ్లే భరిస్తారు. పైరేట్స్ కనీస వేతనం ఒక్కటి పడేస్తే చాలు. అదీ భారమనిపిస్తే కబురు చెయ్యండి, భోజనం సంగతి పెన్ హిల్స్ క్యాంటీన్లో నేను మాట్లాడతాను.