స్ప్లింటర్ సెల్ పీఎస్2లో తగ్గింది గ్రాఫిక్స్ ఒక్కటేనా?

స్ప్లింటర్ సెల్ అంటే గార్డుల కంటబడకుండా నీడల్లో నక్కి ఆడే గూఢచారి వీడియో గేమ్. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్, సోనీ పీఎస్2 (ప్లేస్టేషన్ 2) అనే గేమ్ కన్సోళ్లలో వచ్చిన ఆ ఆట గురించి ఈ మాట ఏళ్లుగా షేర్ అవుతూనే ఉంది: "మొదటి స్ప్లింటర్ సెల్ ఎక్స్‌బాక్స్‌లో ఆడినా పీఎస్2లో ఆడినా ఒకటే. గ్రాఫిక్స్ కాస్త మసకబారాయంతే, అదీ పోర్ట్ చేసినవాళ్ల (పీఎస్2కు మార్చి రాసినవాళ్ల) బద్ధకం వల్ల. స్టేజీలు అవే. ఎక్కడపడితే అక్కడ సేవ్ చేసుకోలేకపోవడం మాత్రం పీఎస్2 లోపం." ఇందులో నిజం బొత్తిగా లేదని కాదు. ఉన్న కాస్త నిజానికీ తప్పుడు కారణం తగిలించారు.

"గ్రాఫిక్సే కదా" అన్నదగ్గరే మొదలుపెడదాం. రేసింగ్ గేమ్‌లో చెట్ల నీడలు తీసేస్తే కారు వేగమేమీ మారదు. ఈ ఆటలో అలా కుదరదు, నీడ మీదే ఆటంతా నడుస్తుంది. మనం నడిపే గూఢచారి శామ్ ఫిషర్ మీద ఎంత వెలుతురు పడుతోందో తెర మూలన ఉన్న మీటర్ చూపిస్తుంది, గార్డులకు కనబడతాడా లేదా అన్నది దాన్నిబట్టే. 2002 నవంబర్‌లో వచ్చిన ఎక్స్‌బాక్స్ వెర్షన్‌లో కిటికీ పట్టీల సందుల్లోంచి వెలుతురు వస్తే, ఆ చారలు నేల మీదుగా పాకి ఫిషర్ ఒంటి మీద కూడా పడతాయి. ఒక్క అడుగు పక్కకేస్తే చార భుజం మీంచి వీపు మీదికి జారుతుంది. ఎక్కడ నిలబడాలో కళ్లతోనే తెలిసిపోతుంది. 2003 ఏప్రిల్‌లో వచ్చిన పీఎస్2 వెర్షన్‌లో చాలాచోట్ల నీడలు ముందే గీసి అతికించినవి. నేల మీద చార కనబడుతుంది గానీ మనిషి మీదికి ఎక్కదు. దాంతో చూపు గది మీంచి మీటర్ మీదికి మళ్లుతుంది. ఆడే పద్ధతే మారిపోయినప్పుడు దాన్ని ఉత్త "గ్రాఫిక్స్" అని ఎలా కొట్టిపారేస్తాం?

ఇక బద్ధకం సంగతి. ఎక్స్‌బాక్స్ వెర్షన్ వాడింది షాడో బఫర్ పద్ధతి. ముందు దీపం ఉన్నచోటి నుంచి చూస్తే ఏది ఎంత దూరంలో ఉందో ఒక మ్యాప్ తయారు చేస్తారు. తర్వాత తెర మీది ప్రతి పిక్సెల్‌నూ ఆ మ్యాప్‌తో పోల్చి, అంతకంటే దూరంగా ఉంటే నీడ కింద లెక్కేస్తారు. ఎన్విడియా పీసీ గ్రాఫిక్స్ చిప్ జీఫోర్స్3 తరానికి చెందిన ఎక్స్‌బాక్స్ చిప్ ఈ పోలికను హార్డ్‌వేర్‌లోనే చేసేస్తుంది. పీఎస్2 గ్రాఫిక్స్ చిప్‌లో ఆ సదుపాయమూ లేదు, ఒక్కో పిక్సెల్ రంగును లెక్కగట్టే పిక్సెల్ షేడర్లు అనే చిన్న ప్రోగ్రాములూ లేవు.

పోనీ ఏదో తిప్పలుపడి చేద్దామన్నా చోటేది? ఆ చిప్ సొంత మెమరీ 4 ఎంబీ. 640×448 సైజులో 32 బిట్ ఫ్రేమ్ (తెర నిండా పట్టే బొమ్మ) ఒకటి దాదాపు 1.1 ఎంబీ. చూపించే ఫ్రేమ్, గీస్తున్న ఫ్రేమ్, జెడ్ బఫర్ (ఏ పిక్సెల్ ఎంత దూరమో దాచుకునే చోటు) కలిపితే సుమారు 3.3 ఎంబీ అయిపోతుంది. మిగిలిన 0.7 ఎంబీలోనే టెక్స్చర్లన్నీ (గోడలు, వస్తువుల మీద అతికే బొమ్మలు) వంతులవారీగా వచ్చిపోవాలి. పైన చెప్పిన దూరాల మ్యాప్‌ను, అంటే 512×512 షాడో మ్యాప్‌ను, 32 బిట్లలో పెట్టుకోవాలంటే అదొక్కటే 1 ఎంబీ అడుగుతుంది. రంగుల బిట్లు తగ్గించి చోటు చేయొచ్చుగానీ, పోల్చే హార్డ్‌వేర్ ఎక్కణ్నుంచి తెస్తారు? పైగా ఇది ఎక్స్‌బాక్స్ కోడ్ తెచ్చి అలాగే పోసింది కాదు. యూబీసాఫ్ట్ షాంఘై బృందం పీఎస్2 కోసం న్యూక్లియర్ ప్లాంట్ మిషన్ ఒకటి కొత్తగా కలిపింది. బద్ధకస్తులు చేసే పనేనా అది?

"స్టేజీలు అవే" అన్నది కథవరకైతే సరే. ఎక్స్‌బాక్స్‌లో ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ కలిపి 64 ఎంబీ ఉంటే, పీఎస్2 ప్రధాన మెమరీ 32 ఎంబీ. అందుకే స్టేజీలను చిన్న ముక్కలుగా కోశారు, గదుల్లో వివరాలు తగ్గించారు. లోడింగులు పెరగడం చిరాకే, కానీ అసలు నష్టం అది కాదు. పొడవాటి దారిని దూరం నుంచి గమనించి, గార్డులు తిరిగే వరస పట్టుకుని పథకం వేసుకునే జాగా తగ్గిపోయింది.

చెక్‌పాయింట్ల (ఆట నిర్ణయించిన చోట్ల మాత్రమే సేవ్ కావడం) నింద మాత్రం పూర్తిగా అన్యాయం. ఎక్స్‌బాక్స్‌లోనూ చెక్‌పాయింట్లే. ఎక్కడైనా క్విక్‌సేవ్ చేసుకునే వీలున్నది పీసీలో.  

"ఇప్పుడు హెచ్‌డీ వచ్చిందిగా, ఆ గొడవంతా పోయింది" అనేవాళ్లూ ఉన్నారు. కానీ మొదటి మూడు ఆటలూ కలిపి 2011లో పీఎస్3కి వచ్చిన హెచ్‌డీ ట్రిలజీ సింగిల్ ప్లేయర్‌కే పరిమితం. రెండో ఆట పాండోరా టుమారోలో ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే స్పైలు, మెర్సినరీల పోరు అందులో లేదు.

పీఎస్2 డిస్కే చేతిలో ఉంటే ఇలా ఆడండి. గదిలోకి వెళ్లగానే నైట్ విజన్ (చీకట్లో చూపించే కళ్లద్దాలు) వేయకండి, వెలుగుచీకట్ల తేడా మొత్తం చెరిగిపోతుంది. ముందు మామూలు చూపుతో దీపాలెక్కడున్నాయో చూసుకుని, గోడవారగా రెండడుగులు వేసి ఆగండి. మీటర్ ముల్లు కుదురుకున్నాక ఇంకో రెండడుగులు. నేల నల్లగా కనబడుతోందని నమ్మేయకండి, ముల్లు చీకటి వైపు ఆగినచోటే మకాం వేయండి. అలాంటి చోటు లేకపోతేనే దీపం మీదికి తూటా వదలండి, ఆ చప్పుడుకు గార్డు వస్తాడన్న లెక్కతోనే.