4,000 క్యారెక్టర్లు, ఒక అమ్మమ్మ

మన వైపు "వాడికి క్యారెక్టర్ లేదు" అన్నారంటే ఆ సంబంధం తప్పిపోయినట్టే. ఇంగ్లండ్‌లో ఆ బెంగ లేదు. ఇక్కడ డాక్టరు చదువుకు అప్లై చేసే ప్రతి పిల్లకీ పిల్లాడికీ సమానంగా 4,000 క్యారెక్టర్లు ఇస్తారు, మాటల మధ్య ఖాళీలతో సహా. దయ, జాలి, ఓర్పు, తోటి మనిషి బాధ చూస్తే గుండె ఎలా తరుక్కుపోతుందో ఆ వివరం, అన్నీ అందులోనే సర్దాలి. దీని పేరు పర్సనల్ స్టేట్‌మెంట్. యూకాస్ అనే సంస్థ దీన్ని తీసుకుని మెడికల్ స్కూళ్లకు పంపుతుంది. 2026లో చేరే బ్యాచ్ నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. మూడోది ఏమిటంటే, చదువు కాకుండా బయట ఇంకేం చేశావు, అది నీకెందుకు పనికొస్తుంది అని. ఒక్కో జవాబు 350 క్యారెక్టర్లకు తగ్గకూడదు. వరికి ఉన్నట్టే దయకి కూడా కనీస మద్దతు ధర వచ్చిందన్నమాట.

ఈ విషయంలో నాకు పూర్తి అనుభవం ఉంది. పోయిన ఏడాది మా వాడు అప్లై చేశాడు, అంటే ఇంటిల్లిపాదీ అప్లై చేశాం. వెనక వచ్చే తల్లిదండ్రులు మేం పడ్డ గుంటలోనే పడకూడదని, పడితే ఇంకా లోతైన గుంటలో పడాలని ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మనకి ఈ విద్య అలవాటు లేదు. మా తరంలో ఎంసెట్ ర్యాంకు ఎంత అని అడిగారు గానీ నీకు జాలి ఉందా అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు నీట్‌లో కూడా 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు రాస్తే ఒకటి కోత, అంతే. సేవ గురించి మనవాళ్లు ఒకేసారి మాట్లాడతారు, ఫలితాలు వచ్చిన మర్నాడు, పేపర్లో, నోట్లో స్వీటు ఉండగా: "కార్డియాలజిస్టునై పేదలకు సేవ చేస్తా." మన పర్సనల్ స్టేట్‌మెంట్ మొత్తం ఆ ఒక్క వాక్యమే, అదీ సీటు ఖాయమయ్యాకే చెబుతాం. ఇక్కడివాళ్లు సీటు రాకముందే సేవ చేయమంటారు, చేశాక దాని వల్ల నువ్వేం నేర్చుకున్నావో చెప్పమంటారు. రెండోదే కష్టం.

సరే, మా కథకి వద్దాం. మేలో మా అత్తయ్యగారు తెనాలి నుంచి ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చారు. షుగరు, మోకాళ్ల నొప్పులు, చలి. అదే వారం మా ఆవిడకి వాట్సాప్‌లో ఒక వదినగారు చెప్పింది, వాళ్లమ్మాయికి కేర్ హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, వాలంటీరింగ్ ఉండబట్టే ఇంటర్వ్యూ వచ్చిందని. అంతే, మర్నాటి నుంచి మా ఆవిడ మనిషి మారిపోయింది. చుట్టుపక్కల ముసలివాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో వెతకడం మొదలుపెట్టింది. హాల్లో సోఫా మీద ఒకావిడ శాలువా కప్పుకుని కూర్చుని ఉంది గానీ ఆవిడ లెక్కలోకి రాదు, ఆవిడ సొంత అమ్మ.

తొమ్మిది హోమ్‌లకి మెయిళ్లు పెట్టాం. ఏడు చోట్ల వాలంటీర్ల క్యూ ఉందన్నారు. (అడిగిన పేర్లన్నీ చదివితే సగం మన పిల్లలే అయి ఉంటారని నా అనుమానం.) ఒకచోట ఒప్పుకున్నారు. దరఖాస్తు, ఇద్దరి హామీ లేఖలు, ఆ తర్వాత డీబీఎస్ అని నేరచరిత్ర తనిఖీ, అది వచ్చేదాకా వారాల తరబడి ఎదురుచూపు. ఇంట్లో అమ్మమ్మకి మాత్రలివ్వడానికి ఏ తనిఖీ అక్కర్లేదు కాబట్టి అది సేవ కిందకి రాదని మాకు అప్పుడే రుజువైపోయింది.

ఇక ప్రతి ఆదివారం పదింటికి మావాడిని కారులో హోమ్ దగ్గర దింపేవాణ్ని. వాడు అక్కడ టీ పోసేవాడు, మన తంబోలా లాంటి బింగో ఆటలో నంబర్లు అరిచేవాడు, ఒక పెద్దావిడతో డామినోస్ అనే చుక్కల బిళ్లల ఆట ఆడి ఓడిపోయేవాడు. ఆవిడకి తొంభై దాటాయి, చూడటానికి ఎవరూ రారు, ఆటలో మాత్రం దయాదాక్షిణ్యాలు లేవు. సరిగ్గా అదే టైముకి మా అత్తయ్యగారు పక్కమీద నుంచి లేచి, "బాబు ఏడీ, కాఫీ ఇస్తాడేమో" అని అడిగేవారు. "వాడు పెద్దవాళ్లకి సేవ చేయడానికి వెళ్లాడమ్మా" అనేది మా ఆవిడ. "మంచిపని" అని ఆవిడ గోడ పట్టుకుని నెమ్మదిగా వంటింట్లోకి వెళ్లి తన కాఫీ తనే కలుపుకునేవారు. వాడు తిరిగొచ్చాక ఆవిడ అడిగే మొదటి ప్రశ్న, "ఆ డామినోల ఆవిడ సరిగ్గా తిన్నదా?" ఒకసారి సున్నుండలు కూడా కట్టిచ్చారు. అలర్జీల వివరాలు రాసిలేని తిండి లోపలికి రానివ్వరట, మొత్తం డబ్బా తిరిగొచ్చింది, మేనేజరు గారు మాత్రం వాసన చూసి చాలా బాగుందన్నారట.

ఆగస్టులో రాత కార్యక్రమం మొదలైంది. ఇక్కడ మీరు ఒక కొత్త భాష నేర్చుకోవాలి. "టీ ఇచ్చాను" అని రాయకూడదు. "వృద్ధుల్లో ద్రవాల సమతుల్యత ప్రాముఖ్యతను గ్రహించాను" అనాలి. "బింగో నంబర్లు చదివాను" కాదు, "వినికిడి లోపం ఉన్నవారితో స్పష్టమైన సంభాషణ సాధన చేశాను". "డామినోస్‌లో ఓడిపోయాను" అంటే "వైఫల్యాన్ని స్వీకరించి ఎదిగాను". ఏం చేసినా దానికి తోకలాగా ఒక నేర్చుకోవడం ఉండాలి, దాన్ని రిఫ్లెక్షన్ అంటారు. ఊరికే మంచిపని చేసి ఇంటికొచ్చి అన్నం తిని పడుకునే రకానికి ఈ దేశంలో డాక్టరు సీటు రాదు.

నిజం చెప్పాలంటే వాడు అక్కడ ఒక్కటి బాగానే నేర్చుకున్నాడు. మింగడం కష్టమైనవాళ్లకి టీలో కూడా చిక్కబరిచే పొడి కలుపుతారని, పలచగా ఇస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉందని. చూడకపోతే తెలిసేది కాదు. కానీ దాన్ని రాయబోతే నేనే కొట్టేశాను, మరీ వంటింటి విషయంలా ఉందని.

ఊరిపేరు చెబితే గొడవ గానీ, మా స్నేహితుల్లో ఒకాయన ఇంకో అడుగు ముందుకేశాడు. కూతుర్ని రెండు వారాలు ఇండియా పంపి, వాళ్ల బాబాయి నర్సింగ్ హోమ్‌లో తెల్లకోటు, స్టెతస్కోపు వేయించి, జనరల్ వార్డులో రోగులకి బ్రెడ్డు, పళ్లు పంచుతున్న ఫొటో తీయించాడు. మన నాయకుల పుట్టినరోజుకి ప్రభుత్వాసుపత్రిలో తీస్తారే, ఒక అరటిపండు మీద ఆరు చేతులు, మంచమ్మీద రోగి తప్ప అందరూ కెమెరాకేసి చూస్తూ, అచ్చం ఆ ఫొటోనే. యూకాస్‌లో ఫొటో పెట్టే గడి లేదని ఆయనకి సెప్టెంబరులో తెలిసింది.

సొంతంగా రాయలేకపోతే ఎక్కడైనా చూసి రాద్దాం అనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. 2007లో యూకాస్ వాళ్లు సుమారు 50,000 దరఖాస్తులని ఒక సాఫ్ట్‌వేరుతో జల్లెడ పట్టారు. ఎనిమిదేళ్ల వయసులో ప్రయోగం చేయబోయి పైజామాకి చిల్లు కాల్చుకున్నామని, అందుకే సైన్సు మీద ఇష్టం పుట్టిందని 234 మంది రాశారట. ఇంటర్నెట్‌లో ఉన్న ఒక నమూనా వ్యాసంలో కాలిన పైజామా అది. మరో 175 మందికి ముసలి, జబ్బు తాతయ్య ఉన్నాడు. ఆ తాతయ్య మాత్రం నాకు అబద్ధమనిపించడం లేదు. అందరికీ ఒక తాతయ్య ఉంటాడు, కాకపోతే ఆయన్ని కూడా కాపీ కొట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందో అదే అర్థం కాదు.

ఇక మా ఇంట్లో తాతయ్య లేడు, అమ్మమ్మ ఉంది. రాయొచ్చు కదా అంటారేమో. ఇంట్లోవాళ్ల సంగతి రాస్తే చదివేవాళ్లు నవ్వుతారని మా గట్టి నమ్మకం. ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఎందుకంటే ఇక్కడి మెడికల్ స్కూళ్ల కౌన్సిల్ ఇచ్చే సలహాలో ఆసుపత్రే అక్కర్లేదని, మనుషులని చూసుకున్న ఏ అనుభవమైనా పనికొస్తుందని, ఎన్ని చోట్లకి వెళ్లావన్నది కాక ఏం గమనించావన్నది ముఖ్యమని శుభ్రంగా రాసి ఉంది. అప్లికేషన్‌లో సంరక్షణ బాధ్యతలు ఉన్నాయా అని అడిగే ప్రశ్న కూడా ఉంది. 2021 జనాభా లెక్కల్లో ఒక్క ఇంగ్లండ్‌లోనే 5 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లలు సుమారు 1,20,000 మంది ఇంట్లో ఎవరో ఒకరికి ఇలా ఆసరాగా ఉంటున్నారని తేలింది, వాళ్లలో చాలామందికి ఆదివారం హోమ్‌కి వెళ్లే తీరికే ఉండదు. ఇదంతా నేను చదివింది ఎప్పుడు? అప్లికేషన్ పంపేశాక. ముందు చదివితే వాట్సాప్‌లో వదినగారి మాటకి విలువేముంటుంది?

ఆ ఎండాకాలం ఇంట్లో జరిగింది కూడా చెబుతాను, ఇది ఏ స్టేట్‌మెంటులోనూ లేదు. మావాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు. వారం రోజుల మాత్రల డబ్బా ఉంటుంది కదా, దాని మూతల మీద ఇంగ్లీషులో ఏయం, పీయం అని ఉంటే ఆవిడ రెండుసార్లు తికమకపడి రాత్రి మాత్ర పొద్దున వేసుకున్నారు. వీడు వాళ్లమ్మ దగ్గర రెండంటే రెండు అక్షరాలు నేర్చుకుని, నల్ల మార్కరుతో పద్నాలుగు మూతల మీదా "పొ", "రా" అని గీశాడు. "పొ"కి పెట్టిన ఒత్వం తోకలా వంకరపోయింది, చూస్తే కోతిలా ఉంటుంది. ఆవిడకి మాత్రం అర్థమైంది, మళ్లీ తప్పలేదు.

జులైలో ఒక రాత్రి రెండింటికి ఆవిడకి చెమటలు పట్టి చేతులు వణికాయి. నేను గురక పెడుతున్నాను, మా ఆవిడ నైట్ డ్యూటీలో ఉంది. వాడు లేచి వేలు గుచ్చి చూస్తే 3.2. ఆవిడ చచ్చేంత భయపడిపోయింది, షుగరు మూడా అని, ఎందుకంటే తెనాలిలో మిషను వందల్లో చూపిస్తుంది, ఇక్కడ లెక్క వేరు. "అమ్మమ్మా, పద్దెనిమిది పెట్టి గుణిస్తే మీ ఊరి లెక్క వస్తుంది, యాభై ఎనిమిది, తక్కువే కానీ ఫర్వాలేదు" అని చెబుతూ పంచదార నీళ్లు తాగించి, పక్కనే కూర్చుని, పావుగంటకి మళ్లీ చూశాడు. 5.1. "మీ ఊళ్లో తొంభై రెండు" అన్నాడు. అప్పుడు రెండు బిస్కెట్లు ఇచ్చాడు. పొద్దున లేచేసరికి ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది, ఎడమవైపు మా ఊరు, కుడివైపు తెనాలి, మధ్యలో అంకెలు. నేను చూసి, ఇక్కడి మెడికల్ ఎంట్రన్సు యూక్యాట్ లెక్కలనుకుని, "ఫ్రిజ్ మీద ఈ చెత్తంతా ఏంట్రా, యూక్యాట్ ప్రాక్టీస్ చేశావా?" అని అడిగాను.

ఇదే పద్ధతి మన దగ్గర కూడా పెట్టాలని కొందరు మేధావులు అంటుంటారు. నా విన్నపం, దయచేసి వద్దు. ప్రకటన వెలువడిన సాయంత్రానికే కోచింగ్ సెంటర్ల బోర్డులు మారతాయి: "బైపీసీ విత్ సేవ, ఏసీ క్యాంపస్". లాంగ్ టర్మ్ సేవ, క్రాష్ కోర్సు సేవ. వీక్లీ టెస్టులో జాలి తక్కువ వచ్చినవాణ్ని చివరి సెక్షన్‌లో పడేస్తారు. గ్రామాల్లో ముసలివాళ్లని గంటల లెక్కన బుక్ చేస్తారు, పరీక్షల సీజన్లో రేటు పెంచుతారు, ఇక నిజంగా దగ్గు వచ్చిన ముసలాయన చుట్టూ పదిమంది పిల్లలు నోటుబుక్కులతో నిలబడితే ఆయనకి గాలి ఆడేదెలా?

సరే, అక్టోబరు 15, బుధవారం. మెడిసిన్‌కి ఆఖరు గడువు సాయంత్రం ఆరింటికి. ఐదుంపావుకి చూస్తే 4,011 క్యారెక్టర్లు. పదకొండు ఎక్కువ. వాడు మొండికేసి ఒక్కచోట మాత్రం అమ్మమ్మని ఉంచాడు, ఓపిక అంటే ఏమిటో "మై గ్రాండ్‌మదర్" దగ్గర తెలుసుకున్నానని ఒక చిన్న వాక్యం. ఇంగ్లీషులో అది ఖాళీతో కలిపి పద్నాలుగు. దాన్ని తీసేసి "హర్" అని పెడితే మూడు. పద్నాలుగులో మూడు పోతే పదకొండు. నాకు ఇంజినీరింగ్‌లో కూడా లెక్క ఇంత అందంగా ఎప్పుడూ కుదరలేదు. "నాన్నా, ముందు వాక్యంలో హోమ్ గురించి ఉంది, హర్ అంటే ఆ డామినోల ఆవిడ అనుకుంటారు" అన్నాడు వాడు. "అనుకోనీరా, ఇంకా మంచిది" అన్నాను. ఐదూ నలభైకి పంపేశాం. పిజ్జా తెప్పించాం. కొన్ని మెడికల్ స్కూళ్లు ఈ స్టేట్‌మెంటుకి అసలు మార్కులే వేయవని, యూక్యాట్ స్కోరు, గ్రేడ్లు చూసి ఇంటర్వ్యూకి పిలుస్తాయని వాడి స్నేహితుడొకడు ఆ పిజ్జా తింటూనే చెప్పాడు.

రాత్రి పదింటికి వాడు బుధవారం "రా" మూత తీసి మాత్ర అరచేతిలో పెట్టాడు. వంటింట్లో కూర్చుని సాయంత్రం అంతా విన్నట్టున్నారు అత్తయ్యగారు. "బాబూ, హర్ అంటే నేనా, ఆ హోమ్ ఆవిడా?" అని అడిగారు.

"నువ్వే అమ్మమ్మా."

ఆవిడ నావైపు ఒకసారి చూశారు. "సర్లే, ఆవిడైనా ఫర్వాలేదు" అన్నారు. "పాపం, చూడటానికి ఎవరూ రారన్నావుగా." మాత్ర వేసుకుని, గ్లాసు వాడి చేతికిచ్చారు.