చేతి అలవాటు తప్పితే

రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయంలో దిగే విమానాలు ప్రధానంగా రెండు రకాలు. ప్రొపెల్లర్లతో నడిచే ఏటీఆర్ 72 ఒకటి, జెట్ ఇంజిన్ల ఎయిర్‌బస్ ఏ320 మరొకటి. ఎక్కేవారికి తేడా సీట్ల సంఖ్యలోనూ, చప్పుడులోనూ తెలుస్తుంది. కాక్‌పిట్‌లో ఉన్న తేడా ఇంకా పెద్దది. ఇంజిన్ శక్తిని తనంతట తానే సరిచేసే ఆటోథ్రాటిల్ ఏటీఆర్‌లో ఉండదు. దారినీ ఎత్తునూ ఆటోపైలట్ చూసుకున్నా, ఇంజిన్ శక్తిని పైలట్ చేత్తోనే పెంచాలి, చేత్తోనే తగ్గించాలి. ఏ320లో ఆ పని ఆటోథ్రస్ట్ చూసుకుంటుంది. టేకాఫ్ తర్వాత థ్రస్ట్ లివర్లను (ఇంజిన్ శక్తి మీటలను) ‘క్లైంబ్’ గాడిలో పెడితే మామూలుగా నేలను తాకే ముందు వెనక్కి లాగేదాకా అవి అక్కడే ఉంటాయి. లోపల ఇంజిన్ శక్తి పెరిగినా తగ్గినా లివర్ కదలదు. కన్ను స్క్రీన్ మీద లేకపోతే చేతికి ఏమీ తెలియదు. ఏటీఆర్ నుంచి ఎయిర్‌బస్‌కు మారిన యువ పైలట్ మొదట పోగొట్టుకునేది శక్తిని చేత్తో చూసుకునే ఈ అలవాటునే.

అది పోతే ఏమవుతుందో 1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో చూశాం. హెచ్ఏఎల్ విమానాశ్రయంలో దిగబోయిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 రన్‌వే చేరకముందే గోల్ఫ్ మైదానంలో నేలను తాకింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. విమానం ‘ఓపెన్ డిసెంట్’ అనే కిందికి దిగే మోడ్‌లో ఉంది. ఆ మోడ్‌లో ఇంజిన్లు ఐడిల్‌కు (కనిష్ఠ శక్తికి) వెళ్లిపోతాయి, వేగం నిలవాలంటే ముక్కు కిందికి ఉండాలి. ఎత్తు కాపాడుకుందామని ముక్కు లేపితే వేగం కరిగిపోతుంది. ఆఖర్న శక్తి పెంచినా, ఐడిల్‌లో ఉన్న జెట్ ఇంజిన్ పుంజుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. ఆ సెకన్లు మిగల్లేదు. 23 ఏళ్ల తర్వాత, 2013 జులై 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో కొరియా సంస్థ ఏషియానా బోయింగ్ 777కు జరిగిందీ దాదాపు ఇదే. ఆకాశం నిర్మలంగా ఉంది, దిగే కోణాన్ని చూపే రన్‌వే రేడియో సంకేతం, గ్లైడ్‌స్లోప్, మాత్రం పనిచేయడం లేదు. ఆటోథ్రాటిల్ ‘హోల్డ్’లోకి వెళ్లి వేగాన్ని పట్టించుకోవడం మానేసింది. అది చూసుకుంటోందనే భరోసాలో పైలట్లున్నారు. 137 నాట్లు (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) ఉండాల్సిన వేగం 103కు పడిపోయింది. ముగ్గురు ప్రయాణికులు మరణించారు.

ఎయిర్ ఫ్రాన్స్ 447 విమాన ప్రమాదం ఇంతకన్నా కఠినమైన పాఠం. 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద 35 వేల అడుగుల ఎత్తున వేగాన్ని కొలిచే పిటో గొట్టాలను మంచు స్ఫటికాలు మూసేశాయి. రీడింగులు పొంతన లేకుండా పోవడంతో ఆటోపైలట్ తప్పుకుంది. నిమిషంలోపే గొట్టాలు తేరుకున్నాయి గానీ, ఆలోగా కో-పైలట్ స్టిక్ వెనక్కి లాగడంతో విమానం 38 వేల అడుగుల దాకా ఎగబాకి స్టాల్ అయింది, అంటే రెక్కలు దాన్ని మోయలేకపోయాయి. ఇక్కడ యంత్రం తప్పూ ఉంది. వేగం రీడింగ్ 60 నాట్లలోపు పడితే స్టాల్ హెచ్చరిక ఆగిపోయేలా దాన్ని రూపొందించారు. ముక్కు దించితే రీడింగ్ తిరిగొచ్చి హెచ్చరిక మోగింది, వెనక్కి లాగితే ఆగింది. సరైన పనికి అరుపు, తప్పుడు పనికి మౌనం! నాలుగున్నర నిమిషాలు గడవకముందే 228 మంది సముద్రం పాలయ్యారు.

వేగం నమ్మలేనప్పుడు ఏం చేయాలో ఎయిర్‌బస్ పైలట్లకు కంఠతా రావాలి. ఆటోపైలట్, ఎటు తిప్పాలో స్క్రీన్‌పై చూపే ఫ్లైట్ డైరెక్టర్, ఆటోథ్రస్ట్ మూడూ ఆపాలి. 10 వేల అడుగులు దాటి ఉంటే ముక్కు 5 డిగ్రీలు పైకి, శక్తి ‘క్లైంబ్’. అంతకన్నా కింద 10 డిగ్రీలు. టేకాఫ్ అయిన వెంటనే అయితే 15 డిగ్రీలు, పూర్తి శక్తి. ఆపై చెక్‌లిస్ట్ తీయాలి. ఈ అంకెలు పరీక్షలో అందరూ అప్పజెబుతారు. గుండె దడదడలాడే వేళ చెయ్యి వాటిని చేయాలంటే మాత్రం అది మామూలు రోజుల్లోనే విమానాన్ని నడిపి ఉండాలి.

ఆటోమేషన్ వద్దనడం తెలివితక్కువ మాట. 29 వేల నుంచి 41 వేల అడుగుల మధ్య విమానాలకు ఎత్తులో ఎడం వెయ్యి అడుగులే. అక్కడ చేత్తో సాధన పనికిరాదు. దట్టమైన పొగమంచులో దిగాలంటే ఆటోల్యాండ్ కావాల్సిందే. డ్యూటీ భారంతో అలసిన పైలట్‌కు ఆటోపైలట్టే రక్ష. భీమవరం రొయ్యల రైతును చూడండి. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లకు ఆటో స్టార్టర్ బిగించినా, రాత్రి కరెంటు పోతే జనరేటర్ వేయగల మనిషిని చెరువు గట్టు మీద ఉంచుతాడు. ఆ మనిషికి జనరేటర్ వేయడం వచ్చో రాదో ముందే చూసుకుంటాడు కూడా. 200 గంటల అనుభవంతో కమర్షియల్ లైసెన్స్ పొంది, టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) పూర్తిచేసి నేరుగా జెట్ కుడి సీట్లో, అంటే కో-పైలట్‌గా, కూర్చునేవారి విషయంలో విమాన సంస్థలకు ఆపాటి జాగ్రత్త ఉండొద్దా?

మా సూచన ఇది. పగలు, ఆకాశం తేటగా ఉండి రద్దీ లేనప్పుడు, 10 వేల అడుగుల కింద ప్రతి పైలట్ నెలకు కనీసం రెండు అప్రోచ్‌లు (దిగడానికి రన్‌వేను సమీపించడం) చేత్తో చేయాలి. మొదట ఆటోపైలట్ ఒక్కటే ఆపాలి. అది కుదిరాక మరో రోజు ఫ్లైట్ డైరెక్టర్, ఆ తర్వాత ఆటోథ్రస్ట్. ఎవరేం చేయాలో దిగడం మొదలుపెట్టక ముందే ఇద్దరూ మాట్లాడుకోవాలి. రెండో పైలట్ వేగాన్నీ, స్క్రీన్‌పై మారే ప్రతి మోడ్‌నూ పైకి చదవాలి. 500 అడుగులకు వేగం, శక్తి, దిశ కుదురుకోకపోతే మారుమాట లేకుండా గో-అరౌండ్, అంటే దిగడం మాని మళ్లీ పైకి లేవడం. ఇలాంటి సాధనకు మధురపూడి లాంటి రద్దీ తక్కువ విమానాశ్రయాలే అనువు. ముంబయిలో చేస్తానంటే కంట్రోలరే ఒప్పుకోడు.

అసలు అడ్డు వేరే చోట ఉంది. ప్రతి ఫ్లైట్ డేటా రికార్డై తనిఖీకి వెళుతుంది. చేత్తో నడిపితే వేగం ఐదారు నాట్లు అటూ ఇటూ అవుతుంది, అది ఎక్కడ సంజాయిషీ దాకా వెళ్తుందోనని ఏ పైలటైనా జంకుతాడు. ఆటోపైలట్ వదలకపోతే ఆ బెడదే లేదు. ముందుగా చెప్పి చేసిన సాధనలో వచ్చే చిన్న తేడాలను శిక్ష కింద కాక శిక్షణ కింద చూడాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రాతపూర్వకంగా ఆదేశించాలి. ఆరు నెలలకోసారి జరిగే సిమ్యులేటర్ తనిఖీలోనూ ముందే తెలిసిన ఇంజిన్ వైఫల్యంతో సరిపెట్టకుండా, చెప్పాపెట్టకుండా వేగం రీడింగ్ పోగొట్టి చూడాలి. చేత్తో చేసిన అప్రోచ్‌ల లెక్క పైలట్ లాగ్‌బుక్‌లో ప్రత్యేక కాలమ్‌గా ఉండాలి. లైసెన్స్ రెన్యువల్‌కు వచ్చినప్పుడు అధికారి ముందుగా ఆ కాలమే అడగాలి.