మొహమాటానికి ముప్పై రోజులా?

బాకీదారు ఎదురైతే తల దించుకుని పక్క సందులోకి తప్పుకోవలసింది అప్పిచ్చినవాడే. గోదావరి డెల్టాలో ఇది తిరుగులేని సంప్రదాయం. 1881లో చెక్కులు, ప్రామిసరీ నోట్ల కోసం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చేసిన దొరలకు ఈ సంగతి తెలియకపోవచ్చు. 1988లో సవరించి, బాకీకిచ్చిన చెక్కు డబ్బు చాలక తిరిగొస్తే నేరమనే 138వ సెక్షన్ చేర్చిన మనవాళ్లకైనా తెలియొద్దూ! చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోగా, డబ్బు కట్టమని రాతపూర్వకంగా నోటీసు పంపాలట. మా వైపు ఆ 30 రోజులూ మొహమాటపడటానికే చాలవు.

రొయ్యల చెరువు పట్టుబడి చూడండి. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో) తేల్చి, ఐసు వేసి, సరుకు లారీ ఎక్కాక కొన్నాయన చెక్కు చేతిలో పెడతాడు. అది ‘ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్’, అంటే ఖాతాలో డబ్బు చాలదన్న చీటీతో వెనక్కొస్తుంది. రైతు భయపడుతూ ఫోన్ చేస్తాడు.

“అయ్యో బావగారూ, మీ డబ్బు ఎక్కడికి పోద్దండీ? ఇంకోసారి వేసి చూడండి!”

“ఆయ్, అలాగేనండి.”

తారీఖు నుంచి 3 నెలల దాకా చెక్కు చెల్లుతుంది. ఆలోగా మళ్లీ వేసి, అది మళ్లీ తిరిగొస్తే నోటీసుకు కొత్తగా 30 రోజులు దొరుకుతాయి. సుప్రీంకోర్టు 2012లో ఒప్పుకున్న సంగతే ఇది. కాబట్టి ‘ఇంకోసారి’ అనడం నేరమేమీ కాదు. నాలుగో నెలలోనూ అదే మాట అంతే ప్రేమగా అంటాడే, ప్రతిభంటే అదీ!

పొరపాటున ఎవరైనా వేళకు నోటీసు ఇచ్చారే అనుకోండి. అందిన 15 రోజుల్లో కట్టేస్తే గొడవ లేదు. కట్టకపోతే ఆ తర్వాత నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. అదీ రైతు ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులోనే. పాపం, చెక్కిచ్చిన బావగారే అక్కడిదాకా రావాలి! నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. పోస్ట్‌మ్యాన్‌తో ‘అయ్యగారు ఊళ్లో లేరు’ అనిపించినా లాభం లేదు. అడ్రసు సరిగ్గా ఉంటే కోర్టు మామూలుగా నోటీసు అందినట్టే లెక్కేస్తుంది. (పెళ్లిలో చదివించిన చెక్కు తిరిగొస్తే మాత్రం ఈ సెక్షన్ వర్తించదు. అది బాకీ కాదు కదా. మేనమామలు ఊపిరి పీల్చుకోవచ్చు.)

అన్యాయం ఎక్కడంటే, ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపి కోర్టును మన్నించమని అడగొచ్చు. నోటీసు ఆలస్యమైతే ఆ దారి కూడా లేదు. సివిల్ దావా వేసుకుంటూ కూర్చోవాలి.

అందుకే నాదో సవరణ. డెల్టా వరకు ఆ 30 రోజుల లెక్కలోంచి సంక్రాంతి పందేలు, మూఢం వెళ్లాక వచ్చే పెళ్లిళ్లు, 2027 పుష్కరాలు తీసేయాలి. బాకీదారు ఇంట్లో శుభకార్యమైతే ఇంకో నెల కలపాలి. అంతవరకు లాయరు దగ్గరికి బయల్దేరిన రైతును బస్టాండులో బావగారు ఆపి కాఫీ ఇప్పిస్తూనే ఉంటాడు. డబ్బులు రైతే ఇస్తాడనుకోండి.