గలిసన్ లెక్క ఉద్దానానికి కావాలి

సోంపేట ఆరోగ్యవరం ఆస్పత్రి మాటొస్తే డాక్టర్ బెన్ గలిసన్ పేరు రాకుండా ఉండదు. కెనడా బాప్టిస్టు మిషన్ తరఫున వచ్చి, శ్రీకాకుళం పల్లెల్లో శుక్లాలు తీసిన వైద్యుడు. ఫొటోకి దండేసి, దయామయుడని నాలుగు మాటలు చెప్పి లేచిపోవడం మనకు అలవాటు. ఆయన పనితీరు మాత్రం ఎవరికీ పట్టదు.

ఆయన మాట విని 1963లో కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ ఆపరేషన్ ఐసైట్ సంస్థ మొదలుపెట్టాడు. 25 డాలర్లకు ఒకరికి చూపు. దాతకు అర్థమయ్యే లెక్క అంటే అది.

అప్పట్లో శుక్లం తీయడమంటే కంటిలోని కటకాన్ని పొరతో సహా లాగేయడమే. దాని స్థానంలో పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. ప్లస్ 10 దరిదాపు సోడాబుడ్డి కళ్లద్దాలిచ్చేవారు. అవి పగిలాయంటే ఆపరేషన్ వృథా. ఇప్పుడు ఆరేడు మిల్లీమీటర్ల కోతతో, కుట్టు లేకుండా లోపలే లెన్సు పెడుతున్నారు. అయినా జాగ్రత్తలు తగ్గలేదు. బీపీ, షుగర్ చూడాలి. కన్నీటి సంచిలో చీముందేమో నొక్కి చూడాలి. అది గమనించకుండా కోస్తే ఇన్ఫెక్షన్ లోపలికి పాకి ఉన్న చూపూ పోతుంది. కంటి పొడవు కొలిచి లెన్సు పవర్ తేల్చాలి. మర్నాడు కట్టు విప్పాక చుక్కల మందు నెల, నెలన్నర పాటు తగ్గించుకుంటూ రావాలి. క్యాంపుల్లో తేడా కొట్టేది సరిగ్గా ఇక్కడే. ముసలమ్మను బస్సెక్కించాక చుక్కలు వేసుకుంటోందా అని అడిగే నాథుడుండడు.

వచ్చింది మతం మార్చడానికే కదా అంటారు. సువార్త తమ పనేనని మిషన్ ఎన్నడూ దాచలేదు, కాబట్టి ఆ వాదన చేసుకోవచ్చు. ఆ వంకతో పని నేర్చుకోకపోతే నష్టం మాత్రం మనదే.

ఎందుకంటే సోంపేట ఉన్నది ఊళ్లకు ఊళ్లు కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న ఉద్దానంలో. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. సంతోషమే. కానీ కిడ్నీలు చాలావరకు దెబ్బతినేదాకా ఈ జబ్బు బయటపడదు. ఏటా గడప దగ్గరే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేస్తే ముందే పట్టుకోవచ్చు. డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపి ఫిస్టులా చేస్తే, అది వాడకానికి రావడానికి ఆరు వారాలకు తక్కువ పట్టదు. ఆయాసంతో ఒళ్లంతా నీరు పట్టి వచ్చిన మనిషికి అంత వ్యవధెక్కడిది? మెడలో గొట్టం వేస్తారు, ఆ గొట్టం నుంచే ఇన్ఫెక్షన్. ఆపైన వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. రోగి కూలితో పాటు తోడొచ్చినవాళ్ల కూలీ పోతుంది.

ఆపరేషన్ ఐసైట్ సైతం తర్వాతి రోజుల్లో ఇంటింటికీ వెళ్లి కళ్లు చూసే పద్ధతికి మళ్లింది. మన నాయకులింకా పడకల సంఖ్య దగ్గరే ఆగారు. పలాస ఆస్పత్రి మీద ఈసారి సమీక్ష పెడితే అడగాల్సింది ఒకటే: కొత్తగా డయాలసిస్‌కు వచ్చినవాళ్లలో చేతికి ఫిస్టులాతో వచ్చినవారెందరు, మెడలో గొట్టం పడ్డవారెందరు?