శిక్షణ ఎత్తేశారు సరే, వివక్ష మాటేమిటి?

పెద్ద కంపెనీలు చెప్పుకునే విలువలకు అయిదేళ్ల ఆయుష్షు కూడా లేదని తేలిపోయింది. 2020 మేలో మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ ప్రాణాలు పోయినప్పుడు, జాతి సమానత్వానికి కట్టుబడి ఉంటామంటూ అమెరికా కార్పొరేట్ సంస్థలు ఒకదాన్ని మించి ఒకటి ప్రకటనలు గుప్పించాయి. జాతి సమానత్వ కేంద్రానికి అయిదేళ్లలో 10 కోట్ల డాలర్లు ఇస్తామన్న వాల్‌మార్ట్, ఆ కేంద్రాన్ని ఇక కొనసాగించేది లేదని 2024 నవంబరులో చెప్పేసింది. 2025 జనవరిలో మెక్‌డొనాల్డ్స్, ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా, రిటైల్ దుకాణాల సంస్థ టార్గెట్ వరసగా తమ వైవిధ్య కార్యక్రమాలను, అంటే అన్ని జాతులు, వర్గాల వారికీ ఉద్యోగాల్లో సమాన అవకాశాలు దక్కేలా పెట్టుకున్న ఏర్పాట్లను, కుదించుకున్నాయి. సమానత్వం, సమ్మిళితం పేరుతో నడిపిన శిక్షణకు మెటా మంగళం పాడింది.

ఇలాంటి కార్యక్రమాలకు వ్యతిరేకంగా ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వులకు భయపడి అలా చేశారని వెనకేసుకొచ్చేవాళ్లు ఒకసారి తేదీలు చూసుకోవాలి. ప్రభుత్వ కాంట్రాక్టులు తీసుకునే సంస్థలు వివక్ష చూపకూడదంటూ 1965లో అప్పటి అధ్యక్షుడు జాన్సన్ ఇచ్చిన ఉత్తర్వును ట్రంప్ రద్దు చేసింది 2025 జనవరి 21న. ఆ నాలుగు కంపెనీల్లో మూడు అంతకుముందే ప్లేటు ఫిరాయించాయి. సుప్రీంకోర్టు తీర్పును కారణంగా చూపినవాళ్లూ ఉన్నారు. 2023లో వచ్చిన ఆ తీర్పు కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడానికి సంబంధించింది. తోటి ఉద్యోగిని సమానంగా చూడటం నేర్పవద్దని అందులో ఎక్కడా లేదు. గాలి ఎటు తిరగబోతోందో ముందే పసిగట్టారు, మాట మార్చారు. మాకు కోపం తెప్పిస్తున్నది ఇదే.

ఈ శిక్షణ తమను దోషుల్లా నిలబెడుతోందని కొందరు ఉద్యోగులు అంటున్నారు, ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలని మరికొందరు అంటున్నారు. ప్రతిభే కొలమానం కావాలన్నది మా మాట కూడా. కానీ ఇప్పుడు అదే కొలమానంగా ఉందని ఎవరు చెప్పారు? ఆర్థికవేత్తలు మేరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ బోస్టన్, షికాగో నగరాల్లో ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత దరఖాస్తులు పంపి చూశారు. ఒకే స్థాయి అర్హతలకు వేర్వేరు పేర్లు తగిలించారు. నల్లజాతివారికి ఉండే పేర్ల కంటే తెల్లవారికి ఉండే పేర్లకు 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. 2004లో అచ్చయిన ఫలితమది. ఇంటర్వ్యూ గది దాకా కూడా రాకుండానే, పేరు చూసి పక్కన పెట్టేసిన దరఖాస్తులో ప్రతిభను ఎవరు కొలిచారు?

ఇక ‘శిక్షణ పనిచేయడం లేదని పరిశోధనలే చెబుతున్నాయి కదా’ అన్న వాదన. దీన్ని ఊరికే కొట్టిపారేయలేం, ఎందుకంటే పరిశోధనలు ఉన్నమాట నిజమే. సామాజిక శాస్త్రవేత్తలు ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలేవ్ 800కు పైగా అమెరికా కంపెనీల 30 ఏళ్ల లెక్కలు తిరగేశారు. నిర్బంధ శిక్షణ పెట్టిన కంపెనీల్లో అయిదేళ్ల తర్వాత మేనేజర్లలో నల్లజాతి మహిళల వాటా పెరగకపోగా సగటున 9 శాతం తగ్గింది. 2019లో వచ్చిన మరో అధ్యయనంలో ఒక అంతర్జాతీయ సంస్థకు చెందిన 3,000 మందికి పైగా ఉద్యోగులు గంటసేపు ఆన్‌లైన్ శిక్షణ తీసుకున్నారు. కొందరి అభిప్రాయాలు కాస్త మారాయి కానీ ప్రవర్తన పెద్దగా మారలేదు.

కంపెనీల పెద్దలు ఇక్కడితో చదవడం ఆపేస్తున్నారు. ఆ తర్వాతి పేజీ వాళ్లకు అక్కరలేదు. ఇష్టపడి వచ్చినవారికే శిక్షణ ఇచ్చిన చోట నల్లజాతి పురుషులు, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పురుషులు, ఆసియా సంతతి స్త్రీ పురుషులు మేనేజర్లు కావడం 9 నుంచి 13 శాతం దాకా పెరిగిందని డాబిన్, కలేవ్‌లే చెప్పారు. కొత్తగా చేరినవారికి సీనియర్లను అండగా నిలిపే మెంటరింగ్ పద్ధతి ఇంకా బాగా పనిచేసిందని కూడా చెప్పారు. అమ్మకాల శిక్షణ ఇచ్చాక అమ్మకాలు పెరగకపోతే ఏ కంపెనీ అయినా శిక్షణ పద్ధతిని మారుస్తుంది, అమ్మకాలనే మానుకోదు. మనుషుల విషయం వచ్చేసరికి మాత్రం ‘పనిచేయలేదు, కాబట్టి వద్దు’ అంటున్నారు. ఇది రెండు నాల్కల ధోరణి.

అసలు అది ఎందుకు పనిచేయలేదు? పనిచేయాలని పెట్టలేదు కనుక. 1998లో అమెరికా సుప్రీంకోర్టు రెండు లైంగిక వేధింపుల కేసుల్లో, వేధింపులను అరికట్టడానికి తగిన జాగ్రత్తలు తీసుకున్నామని యాజమాన్యం నిరూపించుకుంటే కొన్ని సందర్భాల్లో బాధ్యత నుంచి బయటపడవచ్చని చెప్పింది. ఇక చూసుకోండి, ఏటా ఒక వీడియో, పది ప్రశ్నల క్విజ్, చివర ఒక సర్టిఫికెట్. హెచ్‌ఆర్ ఫైల్లో కాగితం చేరితే చాలు, కోర్టులో చూపించడానికి పనికొస్తుంది. ఆ వీడియోను మ్యూట్‌లో పెట్టి మెయిల్స్ చూసుకునే ఉద్యోగులను తప్పుపట్టి లాభం లేదు, పైవాళ్లు దాన్ని ఎంత మొక్కుబడిగా పెట్టారో వాళ్లకు తెలుసు. 2018 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా స్టార్‌బక్స్‌లో ఏమీ ఆర్డర్ చేయకుండా ఒకరి కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు నల్లజాతి యువకులను పోలీసులు పట్టుకెళ్లారు. మే 29న ఆ సంస్థ 8,000కు పైగా దుకాణాలను మూసి, సుమారు 1,75,000 మందికి శిక్షణ ఇచ్చింది. అదంతా ఒక్క మధ్యాహ్నంలో! ఏళ్ల తరబడి బుర్రలో పాతుకుపోయినదాన్ని ఒక్క పూట వదిలించగలరని ఎవరైనా నిజంగా నమ్మారా?

పనికొచ్చే శిక్షణ ఎలా ఉంటుందో తెలియనిదేమీ కాదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు అందరినీ ఒకే ప్రశ్నలు ఒకే వరసలో అడగడం నేర్పాలి. మార్కులు వేశాకే మాట్లాడుకోవాలి, ‘మన టీమ్‌కు సెట్ అవడు’ అని తీసిపారేస్తే కారణం రాయించాలి. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చిన మహిళకు ‘పాపం, టెన్షన్ ఎందుకులే’ అంటూ ముఖ్యమైన పని ఇవ్వకపోవడం దయ కాదని, ఆమె ప్రమోషన్‌కు అడ్డుపడటమేనని మేనేజర్‌కు అర్థమయ్యేలా చెప్పాలి. మీటింగులో ఒక ఉద్యోగిని చెప్పినప్పుడు వినిపించుకోని సలహాను, పది నిమిషాల తర్వాత మరో ఉద్యోగి చెబితే మెచ్చుకుంటారు. ఆ క్షణంలో పక్కన కూర్చున్నవాళ్లు నోరు విప్పడం ఎలాగో సాధన చేయించాలి. సరిగా వినిపించని సహోద్యోగికి మీటింగులో క్యాప్షన్లు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? అడిగేవరకూ ఆగకుండా ముందే పెట్టడం ఒక అలవాటు, అలవాట్లు నేర్పితేనే వస్తాయి. వీటన్నిటికీ మేనేజర్ వార్షిక మదింపులో మార్కులు ఉండాలి. లేకపోతే ఎంత మంచి శిక్షణ అయినా తూతూమంత్రమే.

వెనక్కి తగ్గక తప్పలేదన్న మాటను మేం నమ్మం. ఈ కార్యక్రమాలను ప్రశ్నించే తీర్మానం 2025 జనవరిలో రిటైల్ సంస్థ కాస్ట్‌కో వాటాదారుల ముందుకొచ్చింది. తిరస్కరించమని యాజమాన్యం ధైర్యంగా చెప్పింది. 98 శాతానికి పైగా ఓట్లు ఆ తీర్మానానికి వ్యతిరేకంగా పడ్డాయి. నిలబడదలచుకున్నవాళ్లు నిలబడ్డారు.

ఈ పద్ధతికి ఒకసారి అలవాటుపడితే ఆగేది ఎక్కడ? లైంగిక వేధింపులపై శిక్షణ కూడా కొందరికి ఇబ్బందిగానే ఉంటుంది, వికలాంగులకు చేసే ఏర్పాట్లూ కొందరికి ఖర్చుగానే కనిపిస్తాయి. గాలి మారితే అవీ పోతాయా? 2020లో చెప్పింది నిజమైతే ఇప్పుడు చేస్తున్నది తప్పు. ఇప్పుడు చేస్తున్నది సరైనదైతే అప్పుడు ఉద్యోగులకు చెప్పింది అబద్ధం. శిక్షణ అక్కర్లేకుండానే న్యాయంగా ఉండగలమంటున్న పెద్దమనుషులు ముందు జీతాలు, నియామకాలు, ప్రమోషన్ల లెక్కలు విభాగాలవారీగా ఏటా బయటపెట్టాలి. ఆ పని చేయడానికి ధైర్యం లేనివాళ్లు ప్రతిభ గురించి ఉపన్యాసాలు కట్టిపెట్టాలి.