అచ్చయిందే ఆచారమా?

"మా ఆచారాలు వేల ఏళ్ళుగా ఇలాగే ఉన్నాయి" అని ఏ మతంవాళ్ళు అన్నా నాకు యూదుల ఆచారాల మీద ఉన్న ఒక పాత హీబ్రూ పుస్తకం గుర్తొస్తుంది. పేరు సెఫెర్ మహరిల్. 1556లో ఇటలీలోని సబ్బియోనెటా అనే చిన్న ఊళ్ళో మొదటిసారి అచ్చయింది. ఆ ప్రతులు ఇప్పుడు చాలా అరుదు. ఎక్కడైనా ఒకటి బయటపడితే చాలు, పురుగు తిన్నదా, మొదటి పేజీ ఉందా, ఎంత పలుకుతుంది, ఇవే కబుర్లు. లోపల ఏముందో అడిగే నాథుడు ఉండడు, నాకు చిరాకంతా అక్కడే.

మహరిల్ అంటే జర్మనీలో మైన్జ్ నగరపు రబ్బీ (యూదుల మతగురువు) యాకోబ్ మోయెలిన్. 1427లో పోయాడు. పుస్తకం ఆయన రాసింది కాదు, శిష్యుడు జల్మాన్ గురువుగారి దగ్గర చూసిందీ విన్నదీ రాసిపెట్టుకున్నది. పెళ్ళి భాగం చదివి తీరాలి. దివిటీలు, వాయిద్యాలతో పెళ్ళికొడుకుని సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఆవరణలోకి తీసుకొస్తారు, తర్వాత పెళ్ళికూతురిని తెస్తారు, ఇద్దరి మీదా గోధుమలు చల్లుతూ పిల్లాపాపలతో వృద్ధి చెందండని మూడుసార్లు దీవిస్తారు. (తలంబ్రాలు గుర్తొచ్చాయి కదా? నాకూ వచ్చాయి. దయచేసి "అన్నీ మన దగ్గర్నుంచే వెళ్ళాయి" అని మొదలుపెట్టకండి.) ఒకచోట పాలకుడు సంగీతం వద్దని ఆజ్ఞ వేస్తే, మహరిల్ వాయిద్యాలు మానేయమనలేదు, వేరే పాలకుడి ఇలాకాకి వెళ్ళి పెళ్ళి చేసుకోమన్నాడు. ఆచారమంటే ముఖం ముడుచుకోవడమే అనుకునేవాళ్ళు ఇది రెండుసార్లు చదవాలి.

అసలు సంగతి ఇంకోటుంది. ఒకసారి మహరిల్ జర్మనీలోనే రేగెన్స్‌బర్గ్ అనే ఊళ్ళో ప్రార్థన నడిపిస్తూ అక్కడి అలవాటులో లేని ఒక కీర్తన చదివాడట, పెద్దలు వద్దన్నా వినలేదట. తర్వాత యూదులు ఉపవాసముండి పాపక్షమాపణ కోరే యోమ్ కిప్పూర్ రోజున ఆయన కూతురు చనిపోతే, ఊరి పద్ధతి మార్చినందుకే ఇలా అయిందనుకున్నారు. ఈ కథ నమ్మమని నేననను, ఒక ప్రాణాన్ని దానికి ముడిపెట్టడం నాకు అస్సలు నచ్చదు కూడా. కానీ ఆ పుస్తకం పాఠం మాత్రం స్పష్టం: ఏ ఊరి పద్ధతి ఆ ఊరిదే, చివరికి రాగం కూడా మార్చకూడదు.

మరి అచ్చు ఏం చేసింది? జల్మాన్ రాతలు అప్పటిదాకా చేతిరాత ప్రతుల్లో, ఒకదానికీ ఇంకోదానికీ తేడాలతో తిరిగేవి. 1553లో రోమ్‌లో యూదుల మతగ్రంథం తాల్ముద్ ప్రతులు తగలబెట్టారు, వెనిస్‌లో హీబ్రూ అచ్చుపని కొన్నేళ్ళు ఆగిపోయింది, అలాంటి రోజుల్లో తోబియా ఫోవా అచ్చుశాల ఉన్న సబ్బియోనెటాలో ఈ పుస్తకం బయటికొచ్చింది. ఆ ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ మైన్జ్ లాంటి రైన్ నది ఒడ్డు ఊళ్ళ అలవాట్లు పుస్తకమై ఎక్కడెక్కడికో వెళ్ళాయి. పోలండ్‌లో క్రాకోవ్ రబ్బీ మోషే ఇస్సెర్లెస్ యూదుల ధర్మశాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ మహరిల్‌ని ఎన్నోచోట్ల ఆధారం చేసుకున్నాడు, ఆ వ్యాఖ్య అష్కనాజీ (జర్మనీ, పోలండ్ వైపు) యూదులందరికీ ప్రమాణమై కూర్చుంది. ఎవరి ఊరి పద్ధతి వాళ్ళదే అన్న మనిషి మాటే ఊరూరికీ ఒకే పద్ధతి అయిపోవడానికి పనికొచ్చింది!

దీని మీద అప్పుడే గొడవ పడినవాడున్నాడు. జర్మనీలోని ఫ్రీడ్‌బెర్గ్ రబ్బీ హయీమ్ బెన్ బెజలేల్, ఇస్సెర్లెస్‌తో కలిసి చదువుకున్నవాడే, పోలండ్ అలవాట్లు పెట్టి మా జర్మనీ ఆచారాలని పక్కన పడేశావని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అది అచ్చయ్యేసరికి 18వ శతాబ్దం వచ్చేసింది.